80లో పోదామా, 100లో పోదామా? నెల్లూరు, ప్రకాశం రోడ్ల మీద పెట్రోలు లెక్క

కారు కొనేటప్పుడు అందరూ ముందు అడిగేది "ఎంత ఇస్తుంది?" అనే. షోరూమ్‌లో 22 అంటారు, 23 అంటారు. ఇంటికి తెచ్చుకున్నాక నెల్లూరు ట్రంకు రోడ్డులో తిప్పితే 13, హైవే ఎక్కితే 16. ఇక గోల మొదలు. బండి మంచిది పడలేదనీ, బంకులో కొలత తక్కువనీ, సర్వీసు సరిగ్గా చేయలేదనీ. వీటిల్లో ఏదో ఒకటి నిజమైనా కావచ్చు గానీ, నేను చూసినంతలో పెద్ద తేడా ఎప్పుడూ కుడికాలి దగ్గరే ఉంటుంది. ఒకే బండిని ఒకే దారిలో ఇద్దరు నడిపితే లీటరుకు నాలుగైదు కిలోమీటర్ల తేడా రావడం మామూలు విషయం.

షోరూమ్ అంకె అబద్ధమేమీ కాదు. బళ్లను పరీక్షించే సంస్థ ఏఆర్ఏఐ పరీక్షలో బండిని రోలర్ల మీదకు ఎక్కించి, ఏసీ ఆపేసి, 90 దాటకుండా, ముందే రాసిపెట్టిన ఒక వరసలో వేగం పెంచుతూ తగ్గిస్తూ నడుపుతారు. అక్కడ గేదెలు అడ్డురావు, ఆటోవాడు ఉన్నట్టుండి ఆపడు, మే నెల ఎండ ఉండదు. రెండు మోడళ్లను పోల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది. మీ నెల ఖర్చు వేసుకోవడానికి పనికిరాదు.

పొదుపు చిట్కాలు అందరూ చెబుతారు. ఏ అలవాటు మారిస్తే ఎన్ని రూపాయలు మిగులుతాయి, దానికోసం ఎంత టైము, ఎంత సుఖం వదులుకోవాలి అన్నది మాత్రం ఎవరూ పక్కపక్కన పెట్టి చూపించరు. ఆ లెక్కే ఇక్కడ చూద్దాం. అందుకోసం మామూలు 1200 సీసీ పెట్రోలు బండి, లోపల మనుషులతో కలిపి 1200 కిలోల బరువు, పెట్రోలు లీటరు 110 రూపాయలు అనుకుందాం. మీ బండి వేరే అయితే అంకెలు అటూ ఇటూ అవుతాయి, దేనిలో ఎక్కువ పోతుంది దేనిలో తక్కువ పోతుంది అనే వరస మాత్రం అలాగే ఉంటుంది.

హైవే మీద ఏ వేగం

నెల్లూరు నుంచి ఒంగోలుకు దగ్గర దగ్గర 120 కిలోమీటర్లు. కోవూరు దాటిందగ్గర్నుంచి రోడ్డు బల్లపరుపుగా ఉంటుంది, ఎక్కడా కొండ ఎక్కే పని లేదు, కాబట్టి లెక్క వేసుకోవడానికి ఇంతకంటే మంచి దారి దొరకదు. ముసునూరు, టంగుటూరు టోళ్లను కాసేపు పక్కన పెట్టి, ఒకే వేగంతో పోయామనుకుంటే 60లో రెండు గంటలు, 80లో గంటన్నర, 100లో గంటా పన్నెండు నిమిషాలు, 120లో గంట పడుతుంది.

ఇప్పుడు పెట్రోలు. మన బండి 60లో లీటరుకు 23, 80లో 20, 100లో పదహారున్నర, 120లో పదమూడున్నర ఇస్తుందనుకోండి. ఈ తరగతి బళ్లకు ఇది నమ్మదగ్గ వరసే. అప్పుడు ఒంగోలు దాకా ఖర్చు 60లో సుమారు 575 రూపాయలు, 80లో 660, 100లో 800, 120లో 980.

ఈ నాలుగు అంకెలూ చూసి ఊరుకోకుండా ఒక్కో నిమిషం ఎంతకు కొంటున్నామో చూడండి. 60 నుంచి 80కి పెంచితే అరగంట కలిసొస్తుంది, దానికి 85 రూపాయలు, అంటే నిమిషం మూడు రూపాయలు కూడా పడలేదు. 80 నుంచి 100కి పోతే 18 నిమిషాలకు 140 రూపాయలు, నిమిషం దాదాపు ఎనిమిది. 100 నుంచి 120కి పోతే పన్నెండు నిమిషాలకు 180, నిమిషం పదిహేను. పైకి పోయేకొద్దీ టైము ఖరీదైపోతుంది, మనకు దొరికే టైమేమో తగ్గిపోతుంది. కారణం గాలి. వేగం 80 నుంచి 100కి పావు వంతే పెరిగినా గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది, 120కి వచ్చేసరికి రెండుంపావు రెట్లు అవుతుంది.

నా ఓటు 80కీ 90కీ మధ్య. 60లో పోతే ఇంకా మిగులుతుంది, నిజమే, పెట్రోలు పొదుపు సంస్థ పీసీఆర్ఏ కూడా 45 నుంచి 55 మధ్య నడిపితే మైలేజీ బాగుంటుందనే చెబుతుంది. కానీ మన హైవే మీద లారీలే 60, 70లో పోతుంటాయి, వాటికంటే మెల్లగా కారు పోతుంటే వెనకవాళ్లందరూ లైన్లు మారి తప్పుకోవాలి, అది మనకూ ప్రమాదం, వాళ్లకూ ప్రమాదం. నిమిషం మూడు రూపాయలకు అరగంట దొరుకుతుంటే దాన్ని వదులుకోవాల్సిన పనీ లేదు. ఇక 120 సంగతి ఎంపిక కిందకే రాదు. నాలుగు లైన్లు, అంతకంటే వెడల్పున్న హైవేల మీద కార్లకు 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం 100. ఊళ్ల దగ్గర అంతకంటే తక్కువ రాసిన బోర్డులుంటాయి, అక్కడ ఆ బోర్డే లెక్క. డబ్బు ఎక్కువున్నా సరే, బిట్రగుంట దగ్గరో సింగరాయకొండ దగ్గరో డివైడరు సందులోంచి మోటార్ సైకిలు ఒక్కసారిగా అడ్డమొస్తే 120లో ఉన్న బండి ఆగదు.

గాలి మాటొచ్చింది కాబట్టి ఇంకో సంగతి. వేసవి సాయంత్రాలు ఈ కోస్తాలో దక్షిణం గాలి గట్టిగా తోలుతుంది. ఒంగోలు నుంచి నెల్లూరు వస్తుంటే అది ఎదురుగాలి. గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో 80లో పోతుంటే బండికి తగిలే గాలి 100లో పోతున్నట్టే ఉంటుంది. పోయేటప్పుడు 20 ఇచ్చిన బండి వచ్చేటప్పుడు 17 ఇస్తే కంగారు పడక్కర్లేదు. అలాంటి రోజు ఓ పది తగ్గించుకోవడం మంచి బేరం.

చెన్నై వైపు తిరిగేవాళ్లలో ఒక అలవాటుంది, తమిళనాడులో లీటరు ఏడెనిమిది రూపాయలు తక్కువ కాబట్టి బోర్డరు దాటకముందే ట్యాంకు నిండా కొట్టించుకుంటారు. మంచి పనే, 35 లీటర్లు పడితే 250, 280 రూపాయలు మిగిలినట్టే. కానీ అలా నింపుకుని నాయుడుపేట మీదుగా నెల్లూరు దాకా 120 తగ్గకుండా వస్తే ఆ మిగులంతా దారిలోనే పోతుంది. చెన్నై నుంచి నెల్లూరుకు 175 కిలోమీటర్లు, 90లో వచ్చినప్పటికంటే 120లో వస్తే మూడు లీటర్ల పైనే ఎక్కువ తాగుతుంది. బంకు ఎంచుకోవడంలో ఉన్నంత శ్రద్ధ కాలు మీద కూడా పెట్టాలి.

బ్రేకు ఖరీదు

మైలేజీలో అన్నిటికంటే తక్కువగా మాట్లాడుకునేదీ, అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేదీ ఇక్కడే.

బండికి వేగం రావాలంటే పెట్రోలు పోయాలి. ఆ వేగం బండిలోనే ఉంటుంది, మనం దాచుకున్న డబ్బు అది. బ్రేకు తొక్కితే అదంతా డిస్కుల్లో వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది, తిరిగి రాదు. ఎంత పోతుందో లెక్క కట్టొచ్చు. ఇంజన్ పెట్రోలులోని శక్తిలో నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు మాత్రమే చక్రాలకు అందిస్తుంది. ఆ లెక్కన 80లో ఉన్న మన బండిని బ్రేకుతో పూర్తిగా ఆపేస్తే దాదాపు నాలుగు రూపాయల పెట్రోలు పోయినట్టు. 100లో నుంచి ఆపితే ఆరు రూపాయలు. ఊళ్లో 50లో పోతూ స్పీడు బ్రేకరు దగ్గర బ్రేకు తొక్కితే ఒకటిన్నర రూపాయి దాకా.

టంగుటూరు టోల్ గేటు దగ్గర ఒక పది నిమిషాలు నిలబడి చూస్తే ఇది కళ్లకు కడుతుంది. ఒకడు గేటు కనబడేదాకా 100లో వచ్చి, ఆఖరి వంద మీటర్లలో బండి ముక్కు కిందకు వంగేలా బ్రేకు తొక్కి లైన్లో నిలబడతాడు. వాడి వెనకే ఇంకో కారు, గేటు ఇంకా అర కిలోమీటరు ఉండగానే కాలు తీసేసి, గేరులోనే వదిలేసి, మెల్లగా దొర్లుకుంటూ వచ్చి అదే లైన్లో వాడి వెనకే నిలబడుతుంది. ఇద్దరి ఫాస్టాగూ ఒకదాని తర్వాత ఒకటి బీప్ అంటుంది. ముందువాడికి కలిసొచ్చింది ఒక్క కారు దూరం, పోయింది ఆరు రూపాయలు, దాంతోపాటు కొంత బ్రేకు ప్యాడు. రెండోవాడు దొర్లుకుంటూ వచ్చినంత సేపూ అతని ఇంజన్‌కు పెట్రోలే అందలేదు. ఇంజెక్షన్ బళ్లలో, అంటే ఇప్పటి పెట్రోలు కార్లలో, గేరులో ఉంచి యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసేస్తే, ఆర్‌పీఎం, అంటే ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు, పదిహేను వందలు, పన్నెండు వందల దగ్గరకు పడేదాకా పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు మూసుకునే ఉంటాయి, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతుంటాయి. అప్పటికప్పుడు మైలేజీ చూపించే డిస్‌ప్లే మీ బండిలో ఉంటే, కాలు తీసిన రెండో సెకనులో ఆ గీత చివరిదాకా ఎలా పరిగెత్తుతుందో చూడండి. దూరం మాత్రం ఉచితంగా వస్తుంటుంది.

కాబట్టి ఎంపిక ఇలా ఉంటుంది. ముందున్న బండికి అతుక్కుని పోతే ఆయన తొక్కిన ప్రతిసారీ మీరూ తొక్కాలి. మూడు నాలుగు సెకన్ల ఎడం ఇస్తే ఆయన బ్రేకు లైటు వెలిగి ఆరిపోయేలోపు మీరు కాలు తీస్తే సరిపోతుంది. ఎడం ఇస్తే మధ్యలోకి ఎవడో ఒకడు దూరతాడు అంటారు, దూరనీయండి, మళ్లీ కాలు తీయండి, ఒక రూపాయి కూడా పోదు. లారీ వెనక దగ్గరగా పోతే గాలి తగలదు, మైలేజీ వస్తుంది అని కొందరు చెబుతుంటారు. గాలి తగ్గే మాట నిజమే గానీ ఆ ఎడంలో ఆగడం ఎవరి వల్లా కాదు. కృష్ణపట్నం పోర్టు ట్రైలర్లు, చీమకుర్తి గ్రానైటు బండలు మోసే లారీలు తిరిగే మన రోడ్ల మీద ఆ పని అస్సలు వద్దు.

ఆత్మకూరు, రాపూరు, పొదిలి, కనిగిరి, దర్శి వైపు రెండు లైన్ల రోడ్ల మీద వేగం కంటే ఈ బ్రేకు లెక్కే ఎక్కువ పనిచేస్తుంది. ప్రతి ఊరి మొదట్లో ఒక స్పీడు బ్రేకరు, బడి దగ్గర ఇంకొకటి, ఊరి చివర ఇంకొకటి. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు, గడ్డి ట్రాక్టర్లు రోడ్డంతా ఆక్రమించి పోతుంటాయి. రెండు స్పీడు బ్రేకర్ల మధ్య 70 దాకా లాగి మళ్లీ పదికి తెచ్చేవాడికీ, 45 దగ్గర ఆగి కాలు తీసి దొర్లించేవాడికీ ఊరు దాటేసరికి అర నిమిషం తేడా కూడా ఉండదు. పెట్రోలు మాత్రం మొదటివాడు రెండింతలు పోస్తాడు. "ఏం బావా, ఎడ్లబండి తోలుతున్నావా" అని పక్కన కూర్చున్నవాళ్లు అంటారు, అననీయండి. వెనక సీట్లో పిల్లలకు కడుపులో తిప్పకుండా ఉందంటే మీ డ్రైవింగు బాగున్నట్టు.

అమెరికా ఇంధన శాఖ ఇచ్చే అంచనా కూడా ఇదే చెబుతుంది. గట్టిగా తొక్కి గట్టిగా ఆపే అలవాటు వల్ల హైవే మీద 15 నుంచి 30 శాతం, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో 10 నుంచి 40 శాతం దాకా మైలేజీ పడిపోతుందట. ఇంత తేడా తెచ్చే మెకానిక్కు ఊళ్లో ఎవరూ లేరు.

టౌన్లో

వీఆర్సీ సెంటరు, గాంధీబొమ్మ, అటు ఒంగోలులో చర్చి సెంటరు, కర్నూలు రోడ్డు. సాయంత్రం ఆరు తర్వాత ఇక్కడ మన లెక్కలోని లాంటి పెట్రోలు బండి 12 దాటి ఇవ్వదు, ఎవరు నడిపినా అంతే. ఇక్కడ మిగిలేది దారి, సమయం ఎంచుకోవడంలో. కోవూరు వైపు నుంచి వెంకటాచలం వైపు పోవాల్సినవాళ్లకు ఊళ్లో పనేమీ లేకపోతే హైవే మీదే ఊరి బయట నుంచి పోవడం మేలు, ఒకటి రెండు కిలోమీటర్లు ఎక్కువైనా సరే. ఆగకుండా పోయే పది కిలోమీటర్లు ఆగుతూ పోయే ఏడు కిలోమీటర్ల కంటే తక్కువ తాగుతుంది.

ఇంజన్ ఆపాలా, ఆన్‌లో ఉంచాలా అన్న దానికి జవాబు సులువు. చిన్న పెట్రోలు ఇంజన్ ఊరికే తిరుగుతుంటే గంటకు ముప్పావు లీటరు దాకా తాగుతుంది, ఏసీతో అయితే లీటరు. రైల్వే గేటు పడి పది నిమిషాలు ఆగితే పదమూడు నుంచి పద్దెనిమిది రూపాయలు. మళ్లీ స్టార్టు చేయడానికి అయ్యే పెట్రోలు పది సెకన్లు ఊరికే తిరిగినంతే. కాబట్టి అర నిమిషం దాటుతుందని తెలిస్తే ఆపేయండి. ఐదు సెకన్ల సిగ్నలు దగ్గర ఆపనక్కర్లేదు. బండి ఆగగానే ఇంజన్‌ను తనే ఆపే ఆటో స్టార్ట్ స్టాప్ మీ బండిలో ఉంటే దాన్ని ఆఫ్ చేసి తిరగకండి.

పాలకు ఒకసారి, బడికి ఒకసారి, మార్కెట్టుకు ఒకసారి అంటూ మూడు సార్లు తీయడం కంటే ఒకే చుట్టులో కలిపేసుకోవడం మేలు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మొదటి మూడు నాలుగు కిలోమీటర్లే ఎక్కువ తాగుతుంది. పొద్దున్నే వేడెక్కాలని ఇంటి ముందు ఐదు నిమిషాలు ఆన్ చేసి ఉంచడం ఇంజెక్షన్ బళ్లకు అవసరం లేదు, అర నిమిషం చాలు, తర్వాత మెల్లగా నడుపుతుంటే అదే వేడెక్కుతుంది.

గేర్ల విషయంలో, ఇంజన్ గోల పెట్టకముందే మార్చేయాలి. పెట్రోలు బండి అయితే ఆర్‌పీఎం రెండు వేలు, రెండున్నర వేల మధ్య, డీజిలు అయితే పదిహేను వందలు దాటాక. మరీ ముందే వేసేస్తే బండి దడదడలాడుతుంది, అది ఇంజన్‌కు మంచిది కాదు, మైలేజీ కూడా రాదు. గేర్లు తనే మార్చుకునే ఏఎంటీ బండి అయితే వేగం అందుకున్నాక కాలు కాస్త పైకి తీయండి, పై గేరు వెంటనే పడుతుంది.

ఏసీనా, అద్దాలా

ఈ విషయంలో మనవాళ్లు పడే బాధ చూస్తే నాకు నిజంగా ఉక్రోషం వస్తుంది. రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం, ముసలివాళ్లనూ పిల్లల్నీ ఎక్కించుకుని, ఏసీ వేస్తే పెట్రోలు పోతుందని అద్దాలు దించుకుని హైవే మీద 100లో పోతుంటారు. ఇది రెండు వైపులా నష్టం. ఆ వేగంలో అద్దాలు దించితే లోపలికి దూరే గాలి బండిని వెనక్కి లాగుతుంది, ఏసీ వేస్తే పోయేదానికీ దానికీ పెద్ద తేడా ఉండదు. హైవే మీద నికరంగా పోతున్నప్పుడు ఏసీ తీసుకునేది చిన్న వాటానే. 100 నుంచి 90కి తగ్గితే ఆ ఖర్చు వచ్చేస్తుంది. ఏసీ ఆపి 100లో పోవడమా, ఏసీ వేసుకుని 90లో పోవడమా అంటే కళ్లు మూసుకుని రెండోది తీసుకోండి. ఎండదెబ్బకు కళ్లు మూతలు పడే డ్రైవరు ఎవరికీ వద్దు.

టౌన్లో సంగతి వేరు. తక్కువ వేగంలో ఏసీ ఇంజన్ శక్తిలో పెద్ద వాటా తీసుకుంటుంది, బాగా ఎండగా ఉన్న రోజు చిన్న ప్రయాణాల్లో మైలేజీ నాలుగో వంతు పైగా పడిపోవచ్చు. అందుకని పొద్దునా సాయంత్రమూ, 50 లోపు, అద్దాలు దించుకోవడం మంచిది. ఎండలో నిలబెట్టిన బండి ఎక్కగానే ఏసీ ఫుల్లు పెట్టకుండా, నాలుగు అద్దాలూ దించి ఒక నిమిషం నడిపి, లోపలి సెగ బయటకు పోయాక అద్దాలు మూసి ఏసీ వేయండి, తర్వాత లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కి ఉంచండి. వేపచెట్టు నీడ దొరికితే పది అడుగులు ఎక్కువ నడవాల్సొచ్చినా అక్కడే ఆపండి.

ఘాట్‌లో న్యూట్రల్ వేయొద్దు

గిద్దలూరు దాటాక దిగువమెట్ట దగ్గర్నుంచి నంద్యాల వైపు నల్లమల ఘాట్, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్. ఈ రెండు దారుల్లోనూ దిగేటప్పుడు న్యూట్రల్ వేసుకుని, కొందరైతే ఇంజన్ కూడా ఆపేసి దిగుతారు, ఉచితంగా వస్తోంది కదా అని. ఇంజెక్షన్ రాకముందు, కార్బ్యురేటర్ల కాలంలో ఆ అలవాటుకు పెట్రోలు లెక్కన కాస్త అర్థముండేది. ఇప్పటి బళ్లలో లెక్క తిరగబడింది. న్యూట్రల్‌లో ఇంజన్ ఆరిపోకుండా ఉండటానికి పెట్రోలు పడుతూనే ఉంటుంది, రెండో గేరులోనో మూడో గేరులోనో కాలు తీసి దిగితే అసలు పడదు. పైగా గేరు బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో ఆ భారమంతా బ్రేకుల మీదే, రెండు మూడు మలుపులు తిరిగేసరికి అవి వేడెక్కి, పెడల్ మెత్తబడి, తొక్కినా పట్టని స్థితి వస్తుంది. ఇంజన్ ఆపేస్తే బ్రేకు బూస్టరు సాయం రెండు మూడు సార్లు తొక్కేసరికి అయిపోతుంది, పవర్ స్టీరింగు బిగుసుకుపోతుంది. డబ్బు ఖర్చు పెట్టి ప్రాణం మీదకు తెచ్చుకోవడం ఇది. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి.

శ్రీశైలం పోయేవాళ్లు దోర్నాలలో రాత్రి 9 గంటలకు అడవి దారి మూసేస్తారని మార్కాపురం నుంచే ఉరుకులు పరుగులు పెడుతుంటారు. ఇంటి దగ్గర గంట ముందు బయలుదేరితే ఆ పరుగు అక్కర్లేదు. ఎక్కేటప్పుడు మైలేజీ ఎనిమిదీ తొమ్మిదీ చూపిస్తుంది, దాన్ని చూసి బాధపడకండి, ఎక్కిన ఎత్తులో కొంత దిగేటప్పుడు తిరిగొస్తుంది, గేరులో దిగితేనే. పెట్టిన వేగాన్ని తనే నిలబెట్టే క్రూయిజ్ కంట్రోల్‌ను ఘాట్‌లో వాడొద్దు, ఎక్కుడులో వేగం తగ్గకూడదని అది గట్టిగా తొక్కేస్తుంది. నెల్లూరు ఒంగోలు లాంటి చదును దారిలో, ట్రాఫిక్ పలచగా ఉన్నప్పుడు మాత్రం దాన్ని 85లో పెట్టుకుని హాయిగా పోవచ్చు.

బియ్యం బస్తాలు డిక్కీలోనా, క్యారియరు మీదా

హైదరాబాదు, బెంగళూరులో ఉన్న పిల్లల దగ్గరకు పోయేటప్పుడు నెల్లూరు వాళ్ల కార్లో బియ్యం బస్తా లేకుండా ఉండదు. బరువు పెరిగితే మైలేజీ పడిపోతుందని ఒకటే లెక్కలు వేస్తుంటారు గానీ, 45 కిలోలు ఎక్కువైతే తగ్గేది ఒక శాతం దగ్గర దగ్గర. ఒంగోలు దాకా ఏడు రూపాయలు. ఆ బియ్యం కోసం ఆ మాత్రం పెట్టొచ్చు, నిశ్చింతగా డిక్కీలో వేసుకోండి. అదే సామాను పైన క్యారియరు మీద కట్టి టార్పాలిన్ కప్పితే, అది తిరగేసి పట్టుకున్న గొడుగుతో పరిగెత్తినట్టే. పెద్ద రూఫ్ బాక్సే హైవే మీద 100 దాటిన వేగాల్లో పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా మైలేజీ తినేస్తుంది, గాలికి కొట్టుకునే టార్పాలిన్ మూట సంగతి చెప్పక్కర్లేదు. శబరిమల యాత్రకని బిగించిన క్యారియరు సంక్రాంతి పోయి ఉగాది వచ్చినా అలాగే ఉంటుంది చాలా బళ్లకు, ఖాళీదైనా సరే గాలికి అడ్డమే. నాలుగు బోల్టులు విప్పి అటక మీద పెట్టండి. తప్పనిసరిగా పైన కట్టాల్సొస్తే ఆ రోజు 80 దాటకండి.

టైర్ల గాలి నెలకోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసిన లెక్క ప్రకారం. తగ్గితే మైలేజీ కొద్దికొద్దిగా పోతుంది, అంతకంటే ముఖ్యం, మన ఎండలకు హైవే మీద తక్కువ గాలితో పోయే టైరు వేడెక్కి పేలుతుంది. నైట్రోజన్‌కు డబ్బులు పెట్టాల్సిన పనేమీ కనపడదు నాకు, మామూలు గాలే క్రమం తప్పకుండా పట్టించండి.

కొత్తది కొనేవాళ్లకు

బ్రేకు లెక్క అర్థమైతే ఏ బండి కొనాలో కూడా సగం తేలిపోతుంది. పెట్రోలు ఇంజనూ కరెంటు మోటారూ రెండూ ఉండే స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో, ఎలక్ట్రిక్‌లో బ్రేకు తొక్కినప్పుడు పోయే శక్తిలో కొంత మళ్లీ బ్యాటరీలోకి వెళ్తుంది. అందుకే అవి టౌన్లో అంత బాగా ఇస్తాయి. రోజంతా నెల్లూరు లోపలే తిరిగేవాళ్లకు అది కనబడే మిగులు. వారానికి మూడుసార్లు ఒంగోలు, చెన్నై తిరిగేవాళ్లకు హైబ్రిడ్ లాభం బాగా తగ్గిపోతుంది, 100లో పోతుంటే బ్రేకు ఎక్కడ తొక్కుతాం కనుక. వాళ్లకు డీజిలు ఇప్పటికీ మంచిదే. అదే డీజిలు కొని బడికీ బజారుకీ తిప్పితే మాత్రం, కొత్త పొగ నిబంధనల ప్రకారం వచ్చే బీఎస్ 6 బళ్లలో పొగ మసిని పట్టే ఫిల్టరు మాటిమాటికీ నిండి తలనొప్పి అవుతుంది, దానికి అప్పుడప్పుడూ హైవే మీద ఏకబిగిన పరుగు కావాలి. ఎత్తైన ఎస్‌యూవీకీ సెడాన్‌కూ మధ్య ఊగిసలాడుతుంటే, మీ తిరుగుడంతా హైవే అయితే సెడాన్ వైపు మొగ్గండి, గాలికి ఎదురు నిలబడే ముఖం చిన్నది. ఉదయగిరి, కనిగిరి పల్లెల్లో గుంతల రోడ్ల మీద తిరిగేవాళ్లకు ఎత్తైన బండే కావాలి, ఆ మైలేజీ తేడా కోసం కింద చాసిస్ కొట్టించుకోకండి.

మీ బండి లెక్క మీరే తీయండి

డ్యాష్‌బోర్డు చూపించే సగటు మైలేజీ చాలా బళ్లలో కాస్త ఎక్కువే చూపిస్తుంది. పోల్చుకోవడానికి చాలు, ఖర్చుకు చాలదు. ఒకే బంకులో ఆటో కట్ అయ్యేదాకా కొట్టించి, ట్రిప్ మీటరు సున్నా చేసి, ట్యాంకు సగం పైగా అయిపోయాక మళ్లీ అదే బంకులో ఆటో కట్ దాకా కొట్టించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. పంపు ఆగాక బండి ఊపి ఊపి ఇంకో అర లీటరు పట్టించొద్దు, లెక్కంతా చెడుతుంది. ఒక ట్యాంకు మీ మామూలు పద్ధతిలో, తర్వాతి ట్యాంకు 85 దాటకుండా, బ్రేకు చూసుకుంటూ నడిపి చూడండి. దారులు మాత్రం రెండింటికీ ఒకేలా ఉండాలి.

మూడు నాలుగేళ్ల కిందటి డైరీతో పోల్చుకుని తగ్గిందని దిగులు పడకండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకంటే మూడో వంతు తక్కువ, కాబట్టి కొంత తగ్గుదల అక్కడే ఉంది, పాత బళ్లకు ఇంకాస్త ఎక్కువ. అది మన చేతిలో లేదు.

ఇవన్నీ పాటిస్తున్నా ఒక్కసారిగా లీటరుకు మూడు నాలుగు పడిపోతే అప్పుడు మెకానిక్కు దగ్గరకు పోవాలి. పోయేముందు ఒక పని చేయండి. పది కిలోమీటర్లు బ్రేకు తక్కువ వాడి నడిపి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, రిమ్మును ముట్టుకోవద్దు. ఒక చక్రం దగ్గర మాత్రమే సెగ కొడుతుంటే ఆ చక్రం బ్రేకు వదలకుండా పట్టుకుని ఉందన్నమాట. మెకానిక్కుకు ఆ చక్రం చూపించండి, ఇంజన్ విప్పనీయకండి.